టచ్‌ప్యాడ్ ఆగమాగం చేస్తుందా? మౌస్ కొనాల్నా, రిపేర్‌కు ఇయ్యాల్నా, హైదరాబాద్ పోవాల్నా

కర్సర్ దానంతటదే గెంతుడు, ఒక దగ్గర ముట్టుకుంటే ఇంకో దగ్గర క్లిక్ పడుడు, రెండు వేళ్లతోని పేజీ కిందికి జరుపుదామంటే ఒక్కసారిగ పెద్దగైపోవుడు, టైప్ చేస్తుంటే మధ్యల కర్సర్ పై లైన్లకు ఉరికి అక్షరాలన్నీ అక్కడ పడుడు. లాప్‌టాప్ రెండు మూడేండ్లు గట్టిగ వాడినోళ్లకు ఈ తిప్పలు కొత్త కాదు. అప్పుడు మన దిక్కు నలుగుర్ని అడిగితే నాలుగు జవాబులు వస్తయి. దోస్తు ఏమో "మూడొందలు పెట్టి మౌస్ కొనుక్కోరాదు, అయిపాయె" అంటడు. క్లాక్‌టవర్ దగ్గర షాపాయన (నల్లగొండల ఉంది, పాలమూరుల ఉంది, మీకు ఏది దగ్గరైతే అదే అనుకోండి) "ప్యాడ్ మార్చాలె" అంటడు. బీటెక్ చదివే పిలగాడు "విండోస్ మళ్ల ఎక్కిస్తే సెట్ అయితది" అంటడు. ఇంట్లోళ్లు ఏమో "ఎందుకొచ్చిన లొల్లి, హైదరాబాద్ తీస్కపోయి కంపెనోళ్లకు చూపియ్" అంటరు. ఎవ్వరూ అబద్ధం చెప్తలేరు, కాకపోతే నలుగురు నాలుగు వేరే వేరే రోగాలకు మందు చెప్తున్నరు.

అందుకే పైసలు తీసే ముందు ఒక్క సంగతి పట్టుకోండి: అది ఎప్పుడు గెంతుతుంది. చార్జర్ పెట్టినప్పుడేనా, చెయ్యి చెమట పట్టినప్పుడేనా, టైప్ చేస్తున్నప్పుడేనా, విండోస్ అప్‌డేట్ అయినకాన్నుంచా, ఎప్పుడుపడితే అప్పుడా. ఇది తేలితే ఏ దారి పట్టాల్నో సగం తేలినట్టే, తేలకముందే షాపుకు పోతే మాత్రం షాపాయనకు ఏది అమ్మడం సులువైతే అదే మీ చేతుల పడతది.

అన్నిటికంటే ముందు బ్యాటరీ చూడండి

ఇది పోలిక కాదు, ఇందుల ఆప్షన్ లేదు. చాలా లాప్‌టాప్‌లల్ల బ్యాటరీ సరిగ్గ టచ్‌ప్యాడ్ కింద, అరచేతులు పెట్టే భాగం కింద ఉంటది. లిథియం బ్యాటరీ పాతదైతే లోపల గ్యాస్ పుట్టి దిండు లెక్క ఉబ్బుతది, ఉబ్బి పైన ఉన్న ప్యాడ్‌ను కింది నుంచి నూకుతది, అప్పుడు క్లిక్ గట్టిపడుడు, ఒక పక్క నొక్కుడు పడకపోవుడు, దానంతటదే క్లిక్ అవుడు మొదలైతది. చూసుడు ఎట్లంటే, లాప్‌టాప్ మూసి, చదునుగ ఉన్న గ్రానైట్ గట్టు మీదనో షాబాద్ బండ మీదనో పెట్టి మూలల మీద వేలుతోని మెల్లగ ఒత్తండి. ఊగుతుందంటే కింది మూత ఉబ్బినట్టు. తర్వాత తెరిచి ప్యాడ్ అంచు మీద గోరు గీయండి, నాలుగు దిక్కుల అంచు ఒకే ఎత్తుల ఉండాలె, కింది అంచు లేసి గోరుకు తట్టుతుంటే, లేకపోతే స్పేస్‌బార్ దగ్గర కీబోర్డు కొద్దిగ పైకి వచ్చినట్టు కనపడితే, అనుమానం అక్కర్లేదు.

అట్ల ఉంటే చార్జింగ్ బంద్ చేయండి, పవర్ ఆఫ్ చేయండి, బ్యాటరీ మార్పించండి. దాన్ని ఒత్తి లోపలికి నూకుడు, సూది గుచ్చి గాలి తీసుడు అసలే వద్దు, అది అంటుకుంటది. యూట్యూబుల ఎవరన్న చేసి చూపించినా వద్దు. చాలాసార్లు బ్యాటరీ మారితే ప్యాడ్ దాని జాగల అది కూసొని మంచిగనే పనిచేస్తది, అంటే ప్యాడ్‌కు పెట్టాల్సిన పైసలు మిగిలినట్టే. పాత బ్యాటరీని చెత్తబండిల వెయ్యకుండ షాపోళ్లకే అప్పజెప్పండి.

చార్జర్ పెడితేనే గెంతుతుందా

మన దిక్కు సగం టచ్‌ప్యాడ్ పంచాయితీలు ఈడనే తెగుతయని నా అభిప్రాయం, అందుకే దీని మీద జర ఎక్కువ చెప్తున్న. చార్జర్ పీకేసి ఒక పది నిమిషాలు బ్యాటరీ మీద పని చేసి చూడండి. గెంతుడు ఆగిపోతే మీ ప్యాడ్‌కు ఏ రోగం లేదు, ఎవ్వరు చెప్పినా మార్చకండి.

ఎందుకట్ల అయితదంటే, టచ్‌ప్యాడ్ కింద సన్నటి తీగల జాలి అసొంటిది ఉంటది, మన వేలు దగ్గరికి రాంగనే ఆ జాలి మీద ఉండే కరెంటు చార్జి కొద్దిగ మారుతది, ఆ కొద్ది మార్పును లెక్కబెట్టి వేలు ఎక్కడుందో కనిపెడతది. ఇగ చార్జర్ సంగతికొస్తే, గోడల నుంచి వచ్చే 230 వోల్టులను 19, 20 వోల్టులకు దించే పనిల కొంత గలీజు కరెంటు పుడతది, దాన్ని అణచనీకి లోపల చిన్న కెపాసిటర్లు పెడతరు, వాటి గుండ చాలా సన్నటి లీకేజీ ఎప్పుడూ ఉంటది. మూడో పిన్ను, అంటే ఎర్తు, సరిగ్గ ఉంటే అది భూమిలకు పోతది. ఎర్తు లేకపోతే లాప్‌టాప్ బాడీ మీదనే నిలుస్తది. మెటల్ బాడీ ఉన్న లాప్‌టాప్ మీద చెయ్యి మెల్లగ జరిపితే జుమ్‌మని గరుకుగ తగుల్తది చూడండి, అదే ఇది. ఆ గడబిడల ప్యాడ్‌కు ఏది వేలో ఏది కరెంటో తెల్వక, ఉన్న ఒక్క వేలును మూడు వేళ్లు అనుకుంటది.

మన ఇండ్లల్ల ఎర్తింగ్ సంగతి మనకు తెలిసిందే. పాత ఇండ్లల్ల బోర్డుకు మూడు బొక్కలు ఉంటయి గని పై బొక్క ఎనక వైరే ఉండదు, చూపుకే ఉంటది. వైరు ఉన్నా, ఇంటి ఎనక ఎర్తు గుంత తవ్వి ఉప్పు బొగ్గు వేసి పది పదిహేనేండ్లై ఉంటది, ఆ తర్వాత దానికి ఒక్క బిందె నీళ్లు పోసిన దిక్కుండదు. అసలే మనది రాతి నేల, దేవరకొండ దిక్కు, అచ్చంపేట దిక్కు గజం తవ్వితే బండ తగుల్తది, రాతి నేలల ఎర్తు సరిగ్గ దొరకదు, ఏప్రిల్ మే నెలల్ల ఆ గుంత ఎండిపోయినంక ఇంకా దొరకదు. ఎండకాలం వస్తే టచ్‌ప్యాడ్ పాడైతదని కొందరు అనుడు వెనక సగం కారణం ఇది, మిగిలిన సగం చెమట.

ఇంకొకటి ఎక్స్‌టెన్షన్ బాక్సు. సంతల దొరికే నూరు నూటయాభై రూపాయల బాక్సుకు మూడు బొక్కలు ఉంటయి గని వైరు కోసి చూస్తే లోపల రెండే తీగలు. చార్జర్ ప్లగ్గు బోర్డుల పట్టలేదని మూడో పిన్ను విరగ్గొట్టుడు, రెండు పిన్నుల కన్వర్టర్ తగిలించుడు, ఇవన్నీ ఇదే ఖాతా.

చేయాల్సింది ఏందంటే, చార్జర్‌ను బాక్సు లేకుండ సీదా గోడ సాకెట్ల పెట్టి చూడండి. తగ్గకపోతే అదే చార్జర్‌ను ఎర్తింగ్ మంచిగున్న జాగల, కాలేజీ ల్యాబులనో ఆఫీసులనో కొత్తగ కట్టిన ఇంట్లనో పెట్టి చూడండి. అక్కడ మంచిగ నడిస్తే ఇంటి ఎర్తింగ్‌ది తప్పు, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపియ్యండి, ఎర్తు మంచిగైతే ఫ్రిజ్జుకు, గీజరుకు, మోటరుకు గుడ మేలే కదా. అక్కడ గుడ గెంతితే చార్జర్‌ది తప్పు, డూప్లికేట్ చార్జర్లల్ల ఆ గలీజు కరెంటును అణచే భాగాలే తక్కువ పెడతరు. కొత్తది కొంటే వోల్టులు పాత చార్జర్ మీద ఉన్నంతనే ఉండాలె, వాట్లు అంతకు తగ్గొద్దు, బీఐఎస్ (మన దేశ ప్రమాణాల సంస్థ) గుర్తు కింద ఆర్ అక్షరంతోని నంబర్ ఉందా చూడండి. కొంతమంది ఎలక్ట్రీషియన్లు ఎర్తు లేదంటే న్యూట్రల్ వైరునే ఎర్తు పిన్నుకు కలిపేస్తరు, అట్ల చేయనియ్యకండి. ఎక్కడన్న న్యూట్రల్ తెగిందంటే లాప్‌టాప్ బాడీ మొత్తానికి కరెంటు వస్తది, ప్రాణం మీదికొస్తది.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడే గెంతుతుందా? చవక ఇన్వర్టర్లు స్క్వేర్ వేవ్ ఇస్తయి, దాంట్ల గడబిడ ఎక్కువ. సైన్ వేవ్ ఇన్వర్టర్ల మీద ఈ బాధ తక్కువ ఉంటది. టచ్‌ప్యాడ్ కోసమే ఇన్వర్టర్ మార్చుమని ఎవ్వరూ చెప్పరు, ఆ కాసేపు చార్జర్ పీకి బ్యాటరీ మీద చేస్కోండి.

పైస ఖర్చు లేని దారులు

చెమట చెయ్యి, నూనె చెయ్యి, పల్లీలు తిన్న చెయ్యి, ఇవన్నీ తెలిసినవే. పవర్ ఆఫ్ చేసి, మెత్తటి బట్టను కొద్దిగ తడిపి పిండి తుడవండి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటే ఇంకా మంచిది. ప్యాడ్ మీద అతికించిన స్టిక్కరు, గార్డు ఉంటే పీకేయండి.

టైప్ చేసేటప్పుడే కర్సర్ ఉరుకుతుందంటే అది బొటనవేలి కింది కండ తగిలి అయితున్నది, రిపేరు అక్కర్లేదు. విండోస్ 11ల సెట్టింగ్స్, అండ్ల బ్లూటూత్ అండ్ డివైసెస్, అండ్ల టచ్‌ప్యాడ్‌కు పోండి, విండోస్ 10ల అయితే సెట్టింగ్స్, డివైసెస్, టచ్‌ప్యాడ్. అక్కడ సెన్సిటివిటీకి నాలుగు మెట్లు ఉంటయి, మోస్ట్ సెన్సిటివ్ మీద ఉంటే మీడియంకో లోకో దించండి. దానికంటే మంచి ఉపాయం ఇంకొకటుంది: ఒక్క వేలుతోని ముట్టుకుంటే క్లిక్ అయ్యే ఆప్షన్‌నే తీసేయండి, ఇగ కింది భాగం టక్కుమని నొక్కితేనే క్లిక్ పడతది. మొదటి రెండ్రోజులు విసుగనిపిస్తది గని ఫారంలు నింపేటోళ్లకు ఇది మస్తు నిమ్మళం.

అప్‌డేట్ అయినకాన్నుంచి మొదలైతే డ్రైవర్ (ప్యాడ్‌ను విండోస్‌తోని నడిపించే చిన్న సాఫ్ట్‌వేర్) దిక్కు చూడాలె. విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి, వదిలి, ఎమ్ నొక్కితే డివైస్ మేనేజర్ తెరుచుకుంటది. అండ్ల మైస్ అని ఉన్న దాంట్లనో హ్యూమన్ ఇంటర్‌ఫేస్ డివైసెస్‌లనో మీ ప్యాడ్ ఉంటది, సైనాప్టిక్స్ అనో ఎలాన్ అనో ఐ2సీ అనో పేరు కనపడతది. ప్రాపర్టీస్‌ల రోల్ బ్యాక్ డ్రైవర్ వెలుగుతుంటే అది కొట్టండి, లేకపోతే అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి, విండోస్ మళ్ల అదే ఎక్కించుకుంటది. అప్పటికీ కాకపోతే మీ మోడల్ నంబర్ కొట్టి కంపెనీ వెబ్‌సైట్ నుంచే డ్రైవర్ తెచ్చుకోండి. "మీ డ్రైవర్లన్నీ మేమే అప్‌డేట్ చేస్తం" అనే ఉచిత సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు. ఇంకొకటి, టచ్‌స్క్రీన్ లాప్‌టాప్ అయితే గెంతుతున్నది ప్యాడ్ కాకపోవచ్చు. స్క్రీన్ మూలకు పగులొచ్చినా అది ఉత్తగనే టచ్‌లు కొడతది. డివైస్ మేనేజర్‌ల టచ్ స్క్రీన్ అని ఉన్నదాన్ని డిసేబుల్ చేసి చూస్తే తేలిపోతది.

విండోస్ మళ్ల ఎక్కించుడు చివరి మాట. డాటా బ్యాకప్, సాఫ్ట్‌వేర్లు మళ్ల పెట్టుకునుడు, ఒక రోజు పోతది. దానికంటే పెన్‌డ్రైవ్‌ల ఉబుంటు (విండోస్ అసొంటిదే ఇంకో ఉచిత సిస్టం) వేస్కొని, ఇన్‌స్టాల్ చేయకుండ ట్రై ఉబుంటు అని నడిపి చూడండి. దాంట్ల గుడ కర్సర్ గెంతుతుంటే విండోస్‌ది తప్పు కాదని పక్కా అయినట్టే, విండోస్ ఎక్కిస్త అన్న పిలగానికి అదే చూపించండి.

మౌస్ కొనాల్నంటే ఏ మౌస్

పైవన్నీ చూసినంక గుడ గెంతుతుంటే, నా లెక్కల సగం మందికి మౌసే సరైన జవాబు. కాకపోతే ఒక మెలిక ఉంది, చాలామందికి తెల్వదు: పాడైన ప్యాడ్ పాడైనట్టే ఉంటే, మౌస్ పెట్టినా కర్సర్ గెంతుడు ఆగదు, ఎందుకంటే ఉత్తుత్తి టచ్‌లు కొడుతున్నది ప్యాడ్ కదా, అది ఇంకా నడుస్తనే ఉంటది. టచ్‌ప్యాడ్ సెట్టింగులనే "లీవ్ టచ్‌ప్యాడ్ ఆన్ వెన్ ఎ మౌస్ ఈజ్ కనెక్టెడ్" అని ఉంటది, దాని టిక్కు తీసేయండి. ఇగ మౌస్ పెట్టంగనే ప్యాడ్ బంద్ అయితది, మౌస్ పీకితే మళ్ల వస్తది.

వైరు మౌస్ మూడు నాలుగొందలల్ల వస్తది. సెల్లు గోల లేదు, పెట్టంగనే నడుస్తది, బయోస్ స్క్రీనుల (విండోస్ రాకముందు తెరిచే సెట్టింగుల స్క్రీను) గుడ పనికొస్తది, పొయ్యేది ఎక్కువ వైరు మెడ దగ్గర, అండ్ల తీగ తెగి. టేబుల్ మీద పెట్టి పొద్దుగాల్నుంచి రాత్రిదాక పనిచేసే మీసేవ సెంటరుకు, జిరాక్స్ షాపుకు ఇదే కొనుమని చెప్త, ఇంకోటి ఆలోచించే పనే లేదు. కొత్త పల్చటి లాప్‌టాప్‌లకు కొన్నిటికి టైప్ సీ పోర్టులే ఉంటయి, మామూలు యూఎస్‌బీ బొక్క ఉందా లేదా ఇంట్లనే చూస్కొని పోండి.

డాంగిల్ (యూఎస్‌బీ బొక్కల పెట్టే చిన్న ముక్క) ఉన్న వైర్‌లెస్ మౌస్ ఐదొందల నుంచి వెయ్యి దాక. సంచిల వేస్కొని తిరిగేటోళ్లకు హాయి, ఒక్క పెన్సిల్ సెల్లుతోని నెలలకు నెలలు నడుస్తది. డాంగిల్ మాత్రం గోరంత ఉంటది, పోయిందంటే చవక మౌసులల్ల చాలావాటికి వేరే డాంగిల్ పనిచెయ్యదు, మౌస్ మొత్తం పోయినట్టే. ఇవి 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తయి. పక్కనే యూఎస్‌బీ 3 పోర్టుల హార్డ్‌డిస్కు గాని పెన్‌డ్రైవ్ గాని పెట్టి ఫైల్స్ కాపీ చేస్తే దాని గడబిడ డాంగిల్‌కు తగిలి మౌస్ ఆగి ఆగి నడుస్తది, అప్పుడు "ఈ కొత్త మౌస్ గుడ పాడైందా ఏంది" అని షాపాయనతోని కొట్లాటకు పోకండి, డాంగిల్‌ను అవతలి పక్క పోర్టుల పెట్టండి.

బ్లూటూత్ మౌస్‌కు డాంగిల్ లేదు, పోర్టు ఖాళీగ ఉంటది. కొద్దిసేపు ముట్టుకోకపోతే పండుకుంటది, మళ్ల లేవనీకి ఒక క్షణం తీస్కుంటది. విండోస్ కొత్తగ ఎక్కించేటప్పుడు, బయోస్‌ల పనికిరాదు. పోర్టులు తక్కువున్న లాప్‌టాప్‌కు తప్పితే నేనైతే దీన్ని కొనుమని చెప్ప. ధర ఎక్కువ, మన పనికి లాభం తక్కువ.

ఏది కొన్నా షాపులనే డబ్బా విప్పి రెండు బటన్లు, చక్రం నొక్కి తిప్పి చూడండి, ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పడుతుందంటే లోపలి స్విచ్చు కతం. అద్దం టేబుల్ మీద మామూలు మౌస్ నడవదు, కింద ఒక నోటుబుక్కు అట్ట పెట్టినా చాలు. అయితే మంచం మీద, బస్సుల, ఒళ్లె పెట్టుకొని పనిచేసేటోళ్లకు ఏ మౌసూ అక్కరకు రాదు. వాళ్లకే రిపేరు ముచ్చట.

రిపేరు: మన ఊర్లనా, హైదరాబాదులనా, కంపెనీ దగ్గరా

వారంటీ ఉందంటే పోలిక అక్కర్లేదు, కంపెనీకి ఫోన్ కొట్టండి, బయట విప్పనియ్యకండి. బిల్లు ఎక్కడ పెట్టిన్నో దేవులాడండి, లాప్‌టాప్ కింద ఉన్న సీరియల్ నంబర్ వాళ్ల వెబ్‌సైట్‌ల కొడితే ఎన్ని రోజులు మిగిలిందో వస్తది. ఆన్‌సైట్ వారంటీ అయితే మనిషి మీ ఇంటికే వస్తడు, క్యారీ ఇన్ అయితే మీరే తీస్కపోవాలె. నీళ్లు పడ్డవంటే, కింద పడ్డదంటే మామూలు వారంటీల రాదు.

వారంటీ అయిపోయినంక మూడు దారులు. మన ఊరి షాపుల మొదటి పని ఒక్కటే చేయమనండి: విప్పి రిబ్బన్ కేబుల్ తీసి మళ్ల పెట్టుడు. ప్యాడ్ నుంచి మదర్‌బోర్డుకు వేలు వెడల్పు పల్చటి పట్టీ ఒకటి పోతది, దాని చివర కనెక్టర్‌కు గింత సన్నటి ప్లాస్టిక్ రెక్క ఉంటది, గోరుతోని ఆ రెక్కను పైకి లేపితేనే పట్టీ వదుల్తది. లాప్‌టాప్ ఎక్కడన్న కింద పడ్డప్పుడు, లేకపోతే ఎవరన్న ర్యామ్ వేసేటప్పుడు ఆ పట్టీ కొద్దిగ పక్కకు జరిగి ఉంటది, దాన్ని తీసి, కొసలు తుడిచి, సీదా పెట్టి రెక్క మూస్తే చానాసార్లు అక్కడికే అయిపోతది, రెండు మూడొందలు కూలి. రెక్క లేపకుండ పట్టీని గుంజితే మాత్రం కనెక్టరే ఊడొస్తది, అప్పుడది బోర్డు పని, ఖర్చు ఎక్కడికో పోతది. అందుకే విప్పేటప్పుడు ఎదురుంగనే కూసోండి, రేపు రమ్మంటే, "అన్నా, విప్పేదాక నేనుంట, ఒక చాయ్ తాగి చూద్దం" అనండి, ఏమనుకోరు.

ప్యాడే మార్చాలె అంటే ఒకటి అడగండి: ప్యాడ్ ఒక్కటి దొరుకుతదా, పైన పామ్‌రెస్టు (అరచేతులు పెట్టే భాగం) మొత్తం మార్చాల్నా. కొన్ని మోడళ్లల్ల ప్యాడ్‌కు నాలుగు స్క్రూలు, పది నిమిషాల పని, వెయ్యి రెండు వేలల్ల పడుతది. కొన్నిట్ల పామ్‌రెస్టుకు అతుక్కొని ఉంటది, అప్పుడు ధర రెండు మూడింతలైతది. కొత్తదా, పాత లాప్‌టాప్ నుంచి ఊడదీసిందా గుడ అడగండి. ఊడదీసింది చెడ్డదేం కాదు, నా అభిప్రాయంల పేరు లేని కొత్తదానికంటే అదే కంపెనీ లాప్‌టాప్ నుంచి తీసిన పాతదే మేలు, కాకపోతే కొత్తదాని ధర చెప్పొద్దు, కనీసం నెల గ్యారంటీ బిల్లు మీద రాపించుకోండి.

మన ఊరి షాపాయన గుడ పార్టును హైదరాబాద్ నుంచే తెప్పిస్తడు, రెండు మూడు రోజులు పడతది. ఆ రెండ్రోజులు ఆగలేమంటే మీరే పోవచ్చు. నల్లగొండ నుంచైనా పాలమూరు నుంచైనా కొంచెం అటిటుగ నూరు కిలోమీటర్లు, బస్సుల ఎంజీబీఎస్‌ల దిగి, అక్కడ్నే గ్రీన్ లైన్ మెట్రో ఎక్కితే జేబీఎస్ పరేడ్ గ్రౌండ్ దాక తీస్కపోతది, సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ షాపుల బిల్డింగు) అక్కడికి దగ్గర్లనే. లాప్‌టాప్ పార్టులకు ఆ బిల్డింగుల్ల దొరకనిది తక్కువ. కాకపోతే మోడల్ నంబర్, ప్యాడ్ ఎనక ఉన్న పార్ట్ నంబర్ ఫోటో పట్టుకొని, ఫోన్ల అడిగి ఉందన్నంకనే బస్సు ఎక్కండి. లేకపోతే చార్జీలు, తిండి, ఒక రోజు పని పోయి చేతుల ఖాళీ సంచి మిగుల్తది. ఆడోళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల టికెట్ పైసలు లేవు కాబట్టి మా ఇంటి దిక్కు లాప్‌టాప్ రిపేర్లకు అక్కనో వదిననో పంపుడు మొదలైంది, వాళ్లే బేరం గుడ మంచిగ ఆడుతున్నరు.

కంపెనీ సర్వీస్ సెంటరుల పార్టు అసలుది పడతది, బిల్లు పడతది, కాకపోతే వాళ్లు చిన్న ముక్క మార్చరు, మొత్తం సెట్టే మారుస్తరు, చూసినందుకే ఫీజు ఉంటది. ఏడాదిన్నర, రెండేండ్ల మంచి లాప్‌టాప్ అయితే అది గిట్టుతది. ఆరేడేండ్లదైతే గిట్టదు.

మీరు ఎవరైతే ఏది

డోస్ట్ (డిగ్రీ సీట్లది), ఎప్‌సెట్ (పాత పేరు ఎంసెట్) వెబ్ ఆప్షన్లు పెట్టే పిల్లలకు ఒక్కటే మాట. ఆప్షన్లు పెట్టేటప్పుడు గెంతే ప్యాడ్‌తోని ఆడుకోకండి, ఒక్క క్లిక్ అటిటైతే వరుస మారిపోతది, ఫ్రీజ్ కొట్టినంక మొత్తుకున్నా లాభం లేదు. ఈ రోజే వైరు మౌస్ తెచ్చి పని కానియ్యండి, రిపేరు తర్వాత. రాత్రి పూట, మౌస్ దొరకదు, రేపే ఆఖరు అంటే, నంబర్ ప్యాడ్ ఉన్న కీబోర్డు అయితే ఎడమ పక్క ఆల్ట్, షిఫ్ట్ పట్టుకొని నమ్‌లాక్ నొక్కండి, మౌస్ కీస్ మొదలైతది, నంబర్లతోనే కర్సర్ తిరుగుతది, 5 నొక్కితే క్లిక్. మెల్లగ నడుస్తది గని గెంతదు.

మిర్యాలగూడ రైస్ మిల్లులల్ల, జడ్చర్ల పత్తి మిల్లులల్ల ట్యాలీ కొట్టే గుమస్తాలకు నేను రిపేరూ చెప్ప, మౌసూ చెప్ప. ట్యాలీ మొత్తం కీబోర్డు మీదనే నడుస్తది, ప్యాడ్ బంద్ చేస్తే చాలు, ఆ ధూళిల కొత్త ప్యాడ్ పెట్టినా మళ్ల అదే కథ.

ఊరూరు తిరిగి సర్వే చేసేటోళ్లు, ట్రైనింగులు ఇచ్చే టీచర్లు, రోజూ బస్సుల పోయొచ్చుకుంట ఒళ్లె పెట్టుకొని పని చేసేటోళ్లు, వీళ్లకు ప్యాడ్ కావాల్సిందే, ముందు రిబ్బన్ చూపించి, కాకపోతే మార్పించుకోండి, మౌస్‌తోని నడిపిద్దమంటే చేయి నొప్పే మిగుల్తది. ఇంట్ల పిల్లలు వీడియోలు చూసే పాత లాప్‌టాప్, అప్పటికే బ్యాటరీ అరగంట రావట్లేదు, హింజి గుడ విరిగి ఉంది అనుకోండి, దానికి మూడు వేలు పెట్టి ప్యాడ్ వెయ్యకండి. ఆ పైసలు కొత్త లాప్‌టాప్ కిస్తీకి పనికొస్తయి, అప్పటిదాక మౌస్‌తోని నడవనియ్యండి.

ఇంకొక్క ముచ్చట, షాపుల లాప్‌టాప్ వదిలిపెట్టాల్సి వస్తే ముందురోజే ఫైల్స్ పెన్‌డ్రైవ్‌ల వేస్కొని, బ్రౌజర్ల ఉన్న బ్యాంకు, జీమెయిల్ లాగౌట్ కొట్టండి, ప్యాడ్ మార్చనీకి వాళ్లకు మీ పాస్‌వర్డ్ అక్కర్లేదు, లాగిన్ స్క్రీన్ మీదనే కర్సర్ తిరుగుతుందా లేదా తెలిసిపోతది. మార్చిన పాత ప్యాడ్‌ను గుడ అడిగి తీస్కోండి.